ఇంట్లో ముగ్గురికి మూడు రకాల పనులు: ఏ కంప్యూటర్ కొనాలి?

ప్రశ్న
టీచరమ్మ, అనంతపురం

అందరికీ నమస్కారం. నేను అనంతపురంలో ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలిని. ఈ నెలలో మా ఇంట్లో ముగ్గురికి కంప్యూటర్లు సమకూర్చవలసి వచ్చింది. ఎంత లెక్క వేసుకున్నా లక్ష రూపాయలకు మించి సర్దలేను.

మొదటివారు మా నాయన. తెలుగు పండితులుగా పనిచేసి రిటైరయ్యారు, ఇప్పుడు 74 ఏళ్లు. ఉద్యోగంలో ఉన్నప్పటి నుంచే ఆయన మా వైపు పల్లెల్లో తిరిగి, కపిల బాన, తొండం, మోకు, గొర్రు, జడ్డిగం, గుంటక వంటి సేద్యపు మాటలను సేకరించి, ఏ మాట ఏ ఊళ్లో ఎవరి నోట విన్నారో కూడా రాసి, పదకొండు పొడుగు నోటు పుస్తకాలు నింపారు. కపిలలు పోయి మోటార్లు వచ్చాయి, బావులు పోయి బోర్లు వచ్చాయి. ఆ మాటలు పలికేవాళ్లు ఊరికి ఒకరిద్దరు కూడా మిగల్లేదు. వాటిని తన చేత్తోనే టైపు చేసి అకారాది క్రమంలో పెట్టాలన్నది ఆయన కోరిక. రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయింది కాబట్టి చిన్న అక్షరాలు ఎక్కువసేపు చూడలేరు.

రెండో వ్యక్తి మా తమ్ముడు. ధర్మవరంలో పట్టుచీరల అంచులకూ కొంగులకూ డిజైన్లు గీస్తాడు. ఇన్నాళ్లూ గ్రాఫ్ కాగితం మీద గడి గడీ రంగు నింపి ఇచ్చేవాడు. ఇప్పుడు మగ్గాల యజమానులు కంప్యూటర్‌లో చేసిన ఫైలే కావాలంటున్నారట.

మూడో వ్యక్తి మా అమ్మాయి. కర్నూలులో ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో చేరింది, కంప్యూటర్ సైన్స్ శాఖ. హాస్టల్‌లో ఉంటుంది, పదిహేను రోజులకొకసారి ఇంటికి వస్తుంది.

దుకాణంలో అడిగితే, తమ్ముడికీ అమ్మాయికీ ఒకే మోడల్ లాప్‌టాప్ తీసుకోమని, నాయనకు మాత్రం వైర్ల గొడవ లేకుండా తెరలోనే కంప్యూటర్ అంతా ఇమిడి ఉండే ఆల్ ఇన్ వన్ బాగుంటుందని చెప్పారు. ఇంట్లో 2012లో కొన్న డెస్క్‌టాప్ ఒకటి ఉంది. అందులో మూడో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్ ఉన్నాయి. స్విచ్ వేసి టీ పెట్టుకుని తాగి వచ్చినా తెర పూర్తిగా తెరుచుకోదు. దానిని పాత సామాను కింద తూకానికి తీసుకుంటామన్నారు. ఏ పనికి ఏ రకం కంప్యూటర్ సరిపోతుందో, ఎందుకు సరిపోతుందో తెలిసినవారు వివరిస్తే ఆ మాట పట్టుకుని దుకాణానికి వెళ్తాను.


జవాబు 1
స్క్రూడ్రైవర్, అనంతపురం

టీచరమ్మ గారూ, ముందుగా ఒక మాట: ఆ పాత డెస్క్‌టాప్‌ను తూకానికి ఇవ్వకండి. సుభాష్ రోడ్డు దగ్గర ఇరవై రెండేళ్లుగా కంప్యూటర్లు విప్పి బిగించడమే నా జీవనం కాబట్టి ఇది నమ్మకంతో చెబుతున్నాను.

మీ కంప్యూటర్ నెమ్మదించడానికి ప్రాసెసర్ కంటే హార్డ్ డిస్క్ ఎక్కువ కారణం. డెస్క్‌టాప్ హార్డ్ డిస్క్‌లో ఒక పళ్లెం నిమిషానికి సాధారణంగా 7200 చుట్లు తిరుగుతుంటే, దాని మీద సూది వంటి చేయి అటూ ఇటూ కదిలి సమాచారాన్ని వెతుకుతుంది. స్విచ్ వేసిన వెంటనే వేల కొద్దీ చిన్న ఫైళ్లు చదవాలి కాబట్టి ఆ చేయి పరుగులు తీయడంలోనే మీ టీ సమయం గడిచిపోతున్నది. ఆ స్థానంలో చిప్‌లలోనే సమాచారం దాచే ఎస్‌ఎస్‌డీ పెడితే తిరిగే పళ్లెమూ లేదు, కదిలే చేయీ లేదు. అటువంటి పాత యంత్రాలకు నేను ఎస్‌ఎస్‌డీ వేసి, ర్యామ్‌ను 8 జీబీ చేసి ఇస్తే, ఇది కొత్తదా అని అడిగినవారు ఎందరో ఉన్నారు.

అయితే ఒక చిక్కు ఉంది. విండోస్ 10కు సాధారణ భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. విండోస్ 11కు ఇంటెల్‌లో అయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచి మొదలయ్యే ప్రాసెసర్లు, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలని నియమం పెట్టారు. మీది మూడో తరం కాబట్టి ఆ గుమ్మంలోకి రానివ్వదు. దొడ్డిదారిన ఎక్కించే ఉపాయాలు ఉన్నాయి కానీ పెద్దాయన పదకొండు పుస్తకాల శ్రమను అటువంటి ఏర్పాటు మీద పెట్టమని నేను చెప్పను. విండోస్ బదులు లైనక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించుకోండి. డబ్బు కట్టనక్కరలేదు, తెలుగు టైపింగ్ పనిచేస్తుంది, రాసుకోవడానికి లిబ్రె ఆఫీస్ అందులోనే వస్తుంది. టైపు చేయడం, సేవ్ చేయడం, అచ్చు తీయడం తప్ప వేరే పని లేని మనిషికి అంతకు మించి అవసరం లేదు.

ఆల్ ఇన్ వన్ గురించి మీ దుకాణదారు చెప్పినది సగమే. వైర్లు తక్కువన్న మాట నిజమే. కానీ వాటిలో చాలా వాటి వెనక మూత విప్పితే లోపల కనిపించేది దాదాపుగా లాప్‌టాప్ సామానే. లాప్‌టాప్‌కు ఉండే బ్యాటరీ మాత్రం ఉండదు కాబట్టి యూపీఎస్ ఖర్చు ఎలాగూ తప్పదు. నాలుగేళ్ల తర్వాత తెర పోయిందంటే కంప్యూటర్ మొత్తం నా బల్ల మీదికి వస్తుంది, ఆ కంపెనీ తెర దొరికేదాకా అక్కడే ఉంటుంది. మామూలు నిలువు డెస్క్‌టాప్‌లో ఆ బాధ లేదు. 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ అనే కొలతను ప్రకటించినప్పటి నుంచి బోర్డుకు మరలు ఎక్కడ ఉండాలి, ఎస్‌ఎంపీఎస్, అంటే లోపలి భాగాలకు కరెంటు అందించే డబ్బా, ఎంత ఉండాలి అన్నవి స్థిరపడ్డాయి. అందుకే విడి భాగాలతో కట్టిన కంప్యూటర్‌లో ఒక కంపెనీ ఎస్‌ఎంపీఎస్ కాలిపోతే మరొక కంపెనీది తెచ్చి అరగంటలో బిగిస్తాను.

ఇక మన ఊరి కరెంటు, మన ఊరి దుమ్ము గురించి ఏ కంపెనీ కాగితంలోనూ రాయరు కాబట్టి నేను రాస్తున్నాను. ఎండాకాలంలో గదిలోనే 40 డిగ్రీలు ఉంటే, ప్రాసెసర్ మీది ఫ్యాను అదే వేడి గాలిని లోపలికి లాగుతుంది. దుమ్ము పట్టిన అల్యూమినియం రెక్కల మధ్య నుంచి ఆ గాలి కూడా పోకపోతే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. మనం వైరస్ అనుకుంటాం. మూడు నెలలకొకసారి కరెంటు తీసేసి, పక్క మూత విప్పి, ఫ్యాను రెక్క తిరగకుండా వేలితో పట్టుకుని బ్లోయర్ కొట్టండి. పట్టుకోకుండా కొడితే ఫ్యాను విపరీతమైన వేగంతో తిరిగి బేరింగ్ పాడవుతుంది.

యూపీఎస్ లెక్క కూడా చెబుతాను. 600 వీఏ యూపీఎస్‌లలో ఎక్కువగా ఉండేది 12 వోల్టుల 7 ఆంపియర్ అవర్ బ్యాటరీ, అంటే 84 వాట్ అవర్లు. డెస్క్‌టాప్, మానిటర్ కలిసి 100 వాట్లు లాగితే కాగితం మీద యాభై నిమిషాలు రావాలి. అంత వేగంగా లాగితే బ్యాటరీ తన పూర్తి శక్తిని ఇవ్వదు, మార్పిడిలో కొంత నష్టపోతుంది, కాబట్టి చేతికి వచ్చేది పావుగంట, ఇరవై నిమిషాలు. రాసినది సేవ్ చేసి మూసేయడానికి అది చాలు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని వెనక యూపీఎస్ మోడ్ అనే చిన్న స్విచ్ ఉందేమో చూడండి. అది వేసి ఉంటే కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ త్వరగా అందుకుంటుంది.

అన్నిటికంటే ముందు ఎర్తింగ్ చూపించండి. మన జిల్లాలో ఏడాదికి కురిసేదే సుమారు 550 మిల్లీమీటర్లు. నేల ఎండిపోయి, ఇల్లు కట్టినప్పుడు బొగ్గూ ఉప్పూ వేసి పూడ్చిన ఎర్తు గుంత పనిచేయడం మానేస్తుంది. చెప్పులు లేకుండా క్యాబినెట్‌ను ముట్టుకుంటే జివ్వుమంటున్నదంటే ఎర్తు అందడం లేదని అనుమానించాలి. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య వోల్టేజీ కొలిపించండి, వేసవిలో ఆ గుంతలో వారానికి రెండు బిందెల నీళ్లు పోయించండి. కొత్త యంత్రం కొనకముందు చేయవలసిన పని ఇది.

అమ్మాయికి కూడా లాప్‌టాప్ బదులు మినీ పీసీ ఇవ్వవచ్చునని నా అభిప్రాయం. అరచేతి మందాన చిన్న డబ్బా వంటిది, మానిటర్ వెనకనే బిగించుకోవచ్చు, కరెంటు తక్కువ తింటుంది, అదే డబ్బుకు లాప్‌టాప్ కంటే ఎక్కువ సామర్థ్యం వస్తుంది.


జవాబు 2
డీటీపీ కేంద్రం, కడప

టీచరమ్మ గారికి నమస్కారం. మీ నాయన గారి సంగతి చదివి ఉండబట్టలేక రాస్తున్నాను. నేను కడపలో ఏడు రోడ్ల కూడలికి దగ్గరలో ముప్పై ఏళ్లుగా శుభలేఖలు, కరపత్రాలు, కవితా సంపుటాలు కంపోజు చేస్తున్నాను. నాయన గారి విషయంలో ఏ కంప్యూటర్ అన్నదాని కంటే ఏ అక్షరాల్లో రాస్తారన్నది పెద్ద ప్రశ్న.

2004లో ఒక పెద్దాయన మూడు వందల పేజీల స్థలపురాణాన్ని మా దగ్గర కంపోజు చేయించుకున్నారు. అప్పుడు డీటీపీవాళ్లందరం వాడే ఫాంట్లు యూనికోడ్ కానివి. అంటే తెలుగు అక్షరపు బొమ్మను ఇంగ్లీషు అక్షరపు అరలో పెట్టి చూపించేవి. పన్నెండేళ్ల తర్వాత ఆయన మనవడు రెండో ముద్రణ కోసం సీడీ పట్టుకుని వచ్చాడు. ఫైలు తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగలిసిన కారడవి తప్ప ఒక్క తెలుగు మాట కనిపించలేదు. ఆ ఫాంటు ఆ పాత రూపంలో మా దగ్గర కూడా లేదు. అచ్చు పుస్తకం ముందు పెట్టుకుని మూడు వందల పేజీలూ మళ్లీ టైపు చేశాం. ఆ పని ఉచితంగా చేశాను, అయినా ఆ బాధ నన్ను వదల్లేదు.

అందుకే మీ నాయన గారు మొదటి మాట నుంచీ యూనికోడ్‌లోనే టైపు చేయాలి. అందులో ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంఖ్య ఉంటుంది కాబట్టి ఏ కంప్యూటర్‌లోనైనా, ఫోన్‌లోనైనా తెలుగుగానే తెరుచుకుంటుంది, వెతికితే దొరుకుతుంది. కీబోర్డు విషయానికి వస్తే, ఇంగ్లీషు స్పెల్లింగు కొట్టి తెలుగు రప్పించే పద్ధతి యువతకు సులువు కావచ్చు గానీ, తెలుగు పండితులకు ఇన్‌స్క్రిప్ట్ నేర్పండి. 1991 నాటి భారతీయ ప్రమాణంలో ఉన్న అమరిక అది. అచ్చులు, గుణింతాలు ఎడమ చేతి వైపు, హల్లులు ఎక్కువగా కుడి చేతి వైపు ఉంటాయి. అక్క అని రాయాలంటే షిఫ్ట్‌తో కలిపి డి నొక్కితే అ వస్తుంది, కె నొక్కితే క, డి నొక్కితే పొల్లు, మళ్లీ కె నొక్కితే కింద కావత్తు చేరుతుంది. క, పొల్లు, క అన్న వరుస బాలశిక్ష చదివిన మనిషికి ఎంత సహజంగా ఉంటుందో ఆలోచించండి. మా దగ్గరికి వచ్చిన ఒక రిటైర్డ్ మాస్టారు పది రోజుల్లో చూడకుండా కొట్టడం మొదలుపెట్టారు. బండి ఱ కూడా అందులో ఉంది, షిఫ్ట్‌తో జె నొక్కాలి.

సేద్యపు మాటలంటున్నారు కాబట్టి ఇంకొక సంగతి కూడా చెప్పాలి. జొన్న, దుక్కి చాలు వంటి మాటల్లో జ, చ లను మనం దంత్యంగా పలుకుతాం. ఆ పలుకుబడిని చూపించే ౙ, ౘ అక్షరాలు 2008లో వచ్చిన యూనికోడ్ 5.1లో చేరాయి. పండితులు వాటిని వదులుకోరు, వదులుకోకూడదు కూడా. కానీ వాటి సంఖ్యలు మిగిలిన హల్లుల తర్వాత ఎక్కడో చివరన ఉన్నాయి కాబట్టి, సంఖ్యల వరుసలోనే పేర్చే ప్రోగ్రాములో ౙొన్న వెళ్లి హ తర్వాత కూర్చుంటుంది. దానికి ఉపాయం ఉంది. వ్యాసం రాసే ప్రోగ్రాములో కాకుండా లిబ్రె ఆఫీస్‌లోని క్యాల్క్ పట్టికలో రాయించండి. మొదటి నిలువు వరుసలో మామూలు చ, జ లతో మాట, రెండో దానిలో ౘ, ౙ లతో ఉచ్చారణ, ఆ తర్వాత అర్థం, విన్న ఊరు, చెప్పినవారు, వాడిన వాక్యం. అకారాదిగా పేర్చడం మొదటి వరుసను బట్టి జరుగుతుంది, ఉచ్చారణ దాని పక్కన భద్రంగా ఉంటుంది.

తెర సంగతి. పై సోదరుడు డెస్క్‌టాప్ అన్నది నూటికి నూరు పాళ్లు సరైన మాట. 1920 చుక్కల వెడల్పు ఉన్న 14 అంగుళాల లాప్‌టాప్ తెరలో అంగుళానికి 157 చుక్కలు ఇరుక్కుని ఉంటాయి. అదే 1920 చుక్కలు 24 అంగుళాల మానిటర్‌లో అంగుళానికి 92 మాత్రమే. అందుకే ఏ మార్పూ చేయకుండానే అక్షరం ఒకటిన్నర రెట్లకు పైగా పెద్దదిగా కనిపిస్తుంది. ఇంగ్లీషుకు ఎలా ఉన్నా, కింద వత్తు, పైన గుణింతం మోసే తెలుగు అక్షరానికి ఈ తేడా చాలా ముఖ్యం. స్త్రీ, శాస్త్రం వంటి మాటల్లో రెండు వత్తులు విడివిడిగా కనిపించాలి కదా. మానిటర్ మీద మాత్రం పొదుపు చేయకండి.


జవాబు 3
అట్టలు కొట్టేవాడు, ధర్మవరం

అక్కా, మీ తమ్ముడు చేయబోయే పనే నేను తొమ్మిదేళ్లుగా చేస్తున్నాను. అతనికి లాప్‌టాప్ కొనవద్దు, బొమ్మల పని కదా అని ఖరీదైన గ్రాఫిక్స్ కార్డూ కొనవద్దు. ఎందుకో ఒక్క అంచు లెక్క చూస్తే అర్థమవుతుంది.

240 హుక్కుల జకార్డు, అంటే రంధ్రాల అట్టలను బట్టి పడుగు పోగులను ఎత్తే మగ్గపు పరికరం అనుకోండి. గ్రాఫులో ఒక నిలువు గడుల వరుస ఒక హుక్కుకు, ఒక అడ్డ వరుస ఒక అట్టకు చెందుతుంది. అట్టలో రంధ్రం ఉన్నచోట హుక్కు లేచి పడుగు పోగును ఎత్తుతుంది, లేనిచోట ఎత్తదు. ఆ సందులో నుంచి పేక వెళ్తుంది. ఒక నెమలి బూటాకు 400 అట్టలు పట్టాయంటే మొత్తం 96,000 గడులు. ఒక్కొక్క గడికి చెప్పవలసింది ఉంది, లేదు అన్న రెండు మాటల్లో ఒకటే కాబట్టి అదంతా కంప్యూటర్‌లో 12,000 బైట్లకు మించదు. ఫోన్‌లో తీసిన ఒక్క ఫోటో దానికి వందల రెట్లు ఉంటుంది. ఇంత చిన్న లెక్కకు అంత పెద్ద కార్డు ఎందుకు?

ఆ అట్టకూ కంప్యూటర్‌కూ ఉన్న చుట్టరికం తెలిసినప్పటి నుంచి నాకు ఈ పని మీద గౌరవం ఇంకా పెరిగింది. ఫ్రాన్స్‌లో జకార్డు తన మగ్గాన్ని 1804లో రూపొందించాడు. రంధ్రాల అట్టలతోనే హోలరిత్ అనే అమెరికా ఇంజనీరు 1890 నాటి అమెరికా జనాభా లెక్కలను యంత్రంతో లెక్కపెట్టించాడు. ఆయన కంపెనీ 1911లో మరికొన్నింటితో కలిసి, 1924లో ఐబీఎం అని పేరు మార్చుకుంది. ఆ ఐబీఎం 1981 ఆగస్టు 12న విడుదల చేసిన పర్సనల్ కంప్యూటర్ వంశంలోనివే ఈరోజు మన బల్లల మీద ఉన్న విండోస్ యంత్రాలు. ఆ మొదటి దానిలో అన్నిటికంటే తక్కువ ధర రకానికి మెమరీ 16 కేబీ మాత్రమే. మన నెమలి ఒక్కటే అందులో ముప్పావు వంతు నింపేస్తుంది.

మీ తమ్ముడికి నిజంగా కావలసినవి వేరు. రోజుకు ఎనిమిది గంటలు గడులు సరిచేయాలి కాబట్టి చేతికి సరిపోయే మంచి మౌస్ కావాలి. పక్క నుంచి చూసినా రంగు మారని ఐపీఎస్ తెర కావాలి. నేను మొదట్లో చౌక తెర మీద ఒక కొంగు చేశాను. తల కొంచెం వంచితే నెమలి కంఠం రంగు ఆకుపచ్చలోకి మారిపోయేది, రంగు తప్పు ఎంచి ఆరు చీరల పట్టు వృథా అయింది. రెండు మానిటర్లు ఉంటే మరీ మేలు, ఒకదానిలో మొత్తం చీర, రెండో దానిలో గడులు పెద్దవిగా పెట్టుకోవచ్చు. డిజైన్ సాఫ్ట్‌వేర్లు ఎక్కువగా విండోస్ మీదే నడుస్తాయి కాబట్టి ఇతనికి లైనక్స్ కుదరదు. ఆఫీసుల్లో వాడి తీసేసిన చిన్న క్యాబినెట్ డెస్క్‌టాప్‌లు రిఫర్బిష్డ్ అని అమ్ముతారు. ఎనిమిదో తరం ఐ5 లేదా అంతకంటే కొత్తది, విండోస్ 11 అధికారికంగా ఎక్కినది, కనీసం ఆరు నెలల వారంటీ ఉన్నది చూసి తీసుకోండి. పూర్తయిన ఫైలును పెన్ డ్రైవ్‌లో పెట్టుకుని అట్టలు కొట్టే చోటికి వెళ్తాం, అంతకు మించి యంత్రాన్ని మోసుకుని తిరిగే పని మాకు లేదు.


జవాబు 4
అధ్యాపకుడు, కర్నూలు

పై జవాబులన్నీ చదివాను. ఒక్క విషయంలో మాత్రం స్క్రూడ్రైవర్ గారితో ఏకీభవించలేకపోతున్నాను. మినీ పీసీ మంచి యంత్రమే, కానీ హాస్టల్ గదికి తగినది కాదు. ముగ్గురు పిల్లలు ఉండే గదిలో ఒక మంచమూ ఒక చిన్న బల్లా తమవి. స్విచ్ బోర్డులో ఖాళీగా దొరికేది ఒకే సాకెట్. అక్కడ మానిటరూ, కీబోర్డూ, యూపీఎస్సూ పెట్టే చోటు లేదు. పైగా ప్రోగ్రామింగ్ నేర్చుకునే పిల్ల తన యంత్రాన్ని ల్యాబ్‌కు, లైబ్రరీకి, స్నేహితురాలి గదికి తీసుకువెళ్లాలి. ఇక్కడ లాప్‌టాప్ తప్పదు.

1981లో వచ్చిన ఆస్బోర్న్ 1 అనే కంప్యూటర్‌ను చేత్తో పట్టుకుపోగలిగేదని అమ్మారు. దాని బరువు సుమారు 11 కిలోలు, తెర 5 అంగుళాలు, బ్యాటరీ విడిగా కొనుక్కోవాలి. అయినా జనం కొన్నారంటే, తన పనిని తనతో తీసుకుపోవాలన్న కోరిక మనిషికి అంత బలంగా ఉన్నదన్నమాట. మా విద్యార్థుల్లో కొందరు మాత్రం ఇప్పటికీ రెండున్నర కిలోల గేమింగ్ లాప్‌టాప్ కొని, దాని అరకిలో ఛార్జర్ మోయలేక గదిలోనే వదిలి వస్తున్నారు. మొదటి సంవత్సరంలో సీ ప్రోగ్రాములు రాయడానికి ఆ శక్తి దేనికి?

ఐ5 అన్న పేరును మాత్రమే చూసి మోసపోకండి. ఆ పేరు చివర ఉండే అక్షరం చూడాలి. యూ అని ఉంటే సాధారణంగా 15 వాట్ల తరగతి, హెచ్ అని ఉంటే 45 వాట్ల తరగతి. రెండూ ఐ5లే, కానీ ఒకటి చల్లగా ఎక్కువసేపు నడుస్తుంది, మరొకటి వేగంగా వేడిగా నడుస్తుంది. తర్వాత బ్యాటరీ ఎన్ని వాట్ అవర్లో అడగండి. 50 వాట్ అవర్ల బ్యాటరీ, టైపింగ్ వంటి తేలిక పనిలో 10 వాట్లు లాగే యంత్రం అయితే ఐదు గంటలు వస్తుంది. కాలేజీలో ఒక పూటకు అది సరిపోతుంది. ర్యామ్ 16 జీబీ, ఎస్‌ఎస్‌డీ 512 జీబీ ఉండాలి. కొన్ని లాప్‌టాప్‌లలో ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తున్నారు, తర్వాత పెంచుకునే వీలు ఉండదు. అందుకే ఖాళీ స్లాట్ ఉందా అని అడిగి బిల్లు మీద మోడల్ సంఖ్య పూర్తిగా రాయించుకోండి. 14 అంగుళాలు, కిలోన్నర లోపు బరువు, 65 వాట్ల టైప్ సీ ఛార్జర్ అయితే మేలు. ఛార్జర్ పోయినా పక్క గదిలో దొరుకుతుంది.

టాబ్లెట్‌కు కీబోర్డు తగిలించి ఇస్తామని, క్రోమ్‌బుక్ చౌకగా వస్తుందని కూడా చెప్పేవారు ఉంటారు. పాఠాలు చూడటానికీ నోట్సు రాసుకోవడానికీ అవి బాగుంటాయి. కానీ కంప్యూటర్ సైన్స్ విద్యార్థికి తనకు కావలసిన కంపైలర్‌ను, డేటాబేస్‌ను, అవసరమైతే మొత్తం ఆపరేటింగ్ సిస్టమ్‌నే మార్చి చూసుకునే స్వేచ్ఛ ఉండాలి. 1975లో ఆల్టేర్ 8800 వచ్చినప్పుడు దానికి కీబోర్డు లేదు, తెర లేదు, ముందు పలక మీద మీటలూ దీపాలూ మాత్రమే ఉండేవి. అయినా కుర్రవాళ్లు దానిని ఎగబడి కొన్నది అది పూర్తిగా తమ చేతిలో ఉన్న యంత్రం కాబట్టే. నేను పర్సనల్ అన్న మాటకు చెప్పుకునే అర్థం అదే, విద్యార్థికి యంత్రం ఎంచేటప్పుడు నేను మొదట చూసేదీ అదే.

మరొక్క మాట. మా కాలేజీల్లో మొదటి సంవత్సరం ల్యాబ్‌లలో కంప్యూటర్లు ఉంటాయి. తొందరపడకుండా అమ్మాయిని ఒక నెల ల్యాబ్‌లో పనిచేయనివ్వండి, ఏమి కావాలో తనే చెబుతుంది.


టీచరమ్మ, అనంతపురం

మీ అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. నిన్న రాత్రి ఈ జవాబులు నాయనకు చదివి వినిపించాను. ౙ, ౘ గురించి విన్నప్పుడు లేచి కూర్చుని, ఆ అక్షరాలు నిజంగా కంప్యూటర్‌లో ఉన్నాయా అని రెండుసార్లు అడిగారు. నా ఫోన్‌లో ఈ పేజీలోనే ఉన్న ౙొన్న అన్న మాటను పెద్దదిగా చేసి చూపిస్తే, కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుని చూశారు.

లెక్క వేసుకున్నాం. అమ్మాయికి మరో నెల ఆగి లాప్‌టాప్, దానికి యాభై ఐదు వేలు పక్కన పెట్టాను. తమ్ముడికి రిఫర్బిష్డ్ డెస్క్‌టాప్, ఐపీఎస్ మానిటర్ కలిపి ఇరవై ఏడు వేలు. నాయనకు పాత దానిలోనే ఎస్‌ఎస్‌డీ, ర్యామ్, కొత్త 24 అంగుళాల మానిటర్, యూపీఎస్, అన్నీ కలిపి పదహారు వేలు. ఎలక్ట్రీషియన్ రేపు ఉదయం వస్తానన్నాడు.

ఒక భయం మిగిలింది. పాత హార్డ్ డిస్క్‌లో మా అమ్మాయి చిన్నప్పటి ఫోటోలన్నీ ఉన్నాయి. ఈ రోజు చూద్దామని స్విచ్ వేస్తే లోపల నుంచి టక్కు టక్కుమని చప్పుడు వచ్చి, తెర నల్లగానే ఉండిపోయింది. రెండోసారి వేసినా అంతే. మళ్లీ ప్రయత్నించమంటారా?


డీటీపీ కేంద్రం, కడప

వద్దమ్మా, వెంటనే ఆపేయండి. ఇక నాయన గారి పట్టిక మొదలైనాక మాత్రం ప్రతి ఆదివారం ఒక నకలు పెన్ డ్రైవ్‌లో, ఒకటి మీ తమ్ముడి కంప్యూటర్‌లో ఉంచండి. ఒకే ఇంట్లో రెండు నకళ్లు ఉంటే దొంగతనానికీ వానకూ రెండూ ఒకేసారి పోతాయి. ధర్మవరంలో ఉన్నది మిగులుతుంది.


స్క్రూడ్రైవర్, అనంతపురం

లాప్‌టాప్ విషయంలో కర్నూలు మాస్టారు చెప్పినది ఒప్పుకుంటున్నాను, హాస్టల్ సాకెట్ సంగతి నేను ఆలోచించలేదు.

టీచరమ్మ గారూ, మూడోసారి స్విచ్ వేయకండి. ఆ చప్పుడు, నేను చెప్పిన చేయి పళ్లెం మీద తన చోటు దొరకక వెనక్కి వెళ్లి తిరిగి వస్తున్న చప్పుడు. అలాగే నడిపిస్తే సూది పళ్లేనికి తగిలి గీతలు పడవచ్చు, గీత పడిన చోట ఉన్న ఫోటో ఎవరి చేతికీ తిరిగి రాదు. కొన్నిసార్లు తప్పు డిస్క్‌లో కాకుండా దానికి కరెంటు ఇచ్చే కేబుల్‌లోనో, ముసలిదైన ఎస్‌ఎంపీఎస్‌లోనో ఉంటుంది. మీది పదేళ్లు దాటిన యంత్రం కాబట్టి ఆ ఆశ కొంత ఉంది. మొదట మంచి ఎస్‌ఎంపీఎస్‌తో విడిగా తగిలించి చూస్తాను. డిస్క్ తిరిగితే విండోస్ తెరవను, లైనక్స్ నుంచి చదవడానికి మాత్రమే తెరిచి ఫోటోల ఫోల్డర్‌ను ముందుగా కొత్త ఎస్‌ఎస్‌డీలోకి దించుతాను. అప్పటికీ చప్పుడు ఆగకపోతే నేను మూత విప్పను, దుమ్ము లేని గదిలో ఆ పని చేసే వాళ్లకే పంపాలి. డిస్క్‌ను క్యాబినెట్ నుంచి తీయకుండా, బండి మీద కాకుండా ఆటోలో ఒడిలో పెట్టుకుని తీసుకురండి. శనివారం మధ్యాహ్నం బల్ల ఖాళీగా ఉంచుతాను.